బురదకూ రంగు వేయండి!

బల్లమీద బొమ్మ సైన్యాలను నిలబెట్టి, పాచికలు వేసి, స్కేలుతో కొలిచి జరిపే యుద్ధక్రీడను పిల్లలాట అంటారు కొందరు. ఎచ్.జి.వెల్స్ అంతటి రచయిత 1913లోనే ‘లిటిల్ వార్స్’ పుస్తకంలో ఇలాంటి ఆటకు నియమాలు రాశాడు. కనుక వారితో నాకు పేచీ లేదు. నా పేచీ సైన్యాలు తయారుచేసే వాళ్లతోనే!

మధ్యయుగపు సైన్యం అనగానే మెరిసే కవచాల వీరులకు ముద్దుగా రంగులద్దుతారు. విలుకాళ్లకు ఏదో ఒక రంగు పూసి సరిపెడతారు. ఇదేం న్యాయం?

1415 అక్టోబరు 25న ఫ్రాన్సులోని అజిన్‌కోర్ట్ దగ్గర ఇంగ్లండు రాజు ఐదవ హెన్రీ సైన్యంలో అత్యధికులు విలుకాళ్లే. రాత్రంతా వాన. రెండు అడవుల నడుమ కొత్తగా దున్నిన చేను. తడిసిన దుక్కిలో కాలు ఎలా దిగబడుతుందో రైతుబిడ్డకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇనుప కవచాల ఫ్రెంచి వీరులు ఆ బురదలో కూరుకుపోయారు. తేలిక బట్టల విలుకాళ్లు ముందు బాణాలతో, తర్వాత గొడ్డళ్లతో వాళ్లను పడగొట్టారు. ఆ విలుకాళ్లలో చాలామందివి ఉత్తకాళ్లేనని ఆనాటివారే రాసిపెట్టారు.

అందుకే నా మనవి. 28 మిల్లీమీటర్ల విలుకాడి బూట్లు చెక్కేసి, పుట్టీతో కాలివేళ్లు దిద్దండి. తలలూ చేతులూ మార్చి, ఏ ఇద్దరూ ఒక్కలా లేకుండా చూడండి. బొమ్మ కింది పీటకు జిగురు రాసి, ఇసుక చల్లి, మట్టిరంగు వేయండి. అదే రంగు వీరుల మోకాళ్లదాకా పూయండి. ఆ దుక్కిలో కవచధారికి సగం నడకే అని ఆటలో నియమం పెట్టండి.

రాజుల పేర్లు పరీక్షల్లో ఎలాగూ రాస్తూనే ఉన్నాం. కనీసం బల్లమీదైనా, యుద్ధం గెలిపించిన ఉత్తకాళ్ల మనిషికి ఒక ముఖం ఇవ్వలేమా?