డాలస్ అడిగిన పేర్లు, డాలస్‌కు దక్కిన మనుషులు

ఈ నెల 23న పిట్స్‌బర్గ్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ మొదలవుతోంది. మూడు రోజులు, ఏడు రౌండ్లు, ముప్పై రెండు జట్లు. కాలేజీ ఫుట్‌బాల్ ఆడి వచ్చిన రెండువందల యాభై మందికి పైగా కుర్రాళ్ళు ఏ ఊరు వెళ్ళాలో, ఎవరి జెర్సీ వేసుకోవాలో ఆ మూడు రోజుల్లో తేలిపోతుంది. ఏ జట్టు ఎవరిని తీసుకుంటుంది, ఎవరు ఎవరితో పిక్‌లు, అంటే ఆటగాణ్ణి ఎంచుకునే వంతులు, మార్చుకుంటారు అన్న జోస్యాలు చలికాలం నుంచే సాగుతున్నాయి. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో స్థిరపడ్డ మన తెలుగు ఇళ్ళలోనూ, ముఖ్యంగా అక్కడే పుట్టి పెరిగిన పిల్లల నోట, డాలస్ జట్టు కౌబాయ్స్ ఎవరిని తీసుకుంటుందన్న మాట వినిపిస్తుంది. ఆ జట్టు ప్రధాన కార్యాలయం, ప్రాక్టీసు మైదానం 2016 నుంచి ఫ్రిస్కోలోనే ఉన్నాయి మరి.

ఇది 91వ డ్రాఫ్ట్. అంటే ఈ పద్ధతికి తొంభై ఏళ్ళు నిండాయి. ఈ ఏడాది ఎవరు ఎక్కడికి వెళ్తారన్న లెక్క చాలామంది వేస్తూనే ఉన్నారు కాబట్టి మనం ఆ పని పెట్టుకోనక్కర్లేదు. ఇన్నేళ్ళుగా వేసిన లెక్కలు ఏమయ్యాయో డాలస్ జట్టు ఒక్కదాన్ని పట్టుకుని చూసినా చాలు, ఈ జోస్యాలను ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది.

ఐపీఎల్ వల్ల మనకు బాగా తెలిసింది వేలం. అక్కడ జేబులో మిగిలినదాన్ని బట్టి పాట పెంచుకుంటూ పోవచ్చు. డ్రాఫ్ట్‌లో పాట లేదు. కిందటి సీజన్‌లో అందరికంటే అడుగున నిలిచిన జట్టు మొదట పిలుస్తుంది, గెలిచిన జట్టు ఆఖరున పిలుస్తుంది. బలహీనుడికి ముందు వడ్డించాలన్న ఈ ఆలోచన ఫిలడెల్ఫియా ఈగల్స్ యజమాని బర్ట్ బెల్‌ది. 1935లో ఆయన ప్రతిపాదించాడు, 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో తొమ్మిది జట్లు కూర్చుని మొదటి డ్రాఫ్ట్ జరిపాయి. మొదటి పిలుపు బెల్ జట్టుకే వచ్చింది. షికాగో యూనివర్సిటీ ఆటగాడు జే బర్వాంగర్ పేరు పిలిచారు. అతను అడిగిన జీతం ఈగల్స్ ఇవ్వలేక, అతని మీద హక్కును షికాగో బేర్స్‌కు ట్రేడ్ చేసింది. బేర్స్‌తోనూ బేరం కుదరలేదు. బర్వాంగర్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు. మొట్టమొదటి పిక్, దానిమీద జరిగిన ట్రేడ్, రెండూ వృథా అయ్యాయి.

డాలస్ కౌబాయ్స్ 1960లో పుట్టింది. జట్టు మేనేజర్ టెక్స్ ష్రామ్ అంతకుముందు సీబీఎస్ టీవీ క్రీడా విభాగంలో పనిచేశాడు. 1960 శీతాకాల ఒలింపిక్స్‌లో ఫలితాలను ఐబీఎం కంప్యూటర్ చకచకా కూడి ఇవ్వడం చూసి, ఆటగాళ్ళ ఎంపికకు కూడా దీన్ని వాడొచ్చు కదా అనుకున్నాడు. ఐబీఎం వాళ్ళ దగ్గర ఆ పని చేపట్టిన గణాంక శాస్త్రవేత్త మన దేశం వాడు, అలీగఢ్‌లో చదువుకున్న సలాం ఖురేషీ. అమెరికన్ ఫుట్‌బాల్ ఆయనకు తెలియదు. తెలియకపోవడమే మేలైంది. కాలేజీ ఆటగాళ్ళను చూసి వచ్చే స్కౌట్లు మాటల్లో రాసి పంపే మెచ్చుకోళ్ళను ఆయన యథాతథంగా నమ్మలేదు. ఒకరు చేయి వదులుగా మార్కులేస్తారు, ఇంకొకరు పిసినారిగా వేస్తారు. ముందు ఆ తేడా పట్టుకోవాలన్నాడు. వందల కొద్దీ లక్షణాలతో మొదలైన జాబితాను వడగట్టి కొద్దిపాటి గుణాలకు కుదించారు. బలం, చురుకుదనం, పోటీతత్వం, బుర్ర, నడవడి అన్న వరసలో అంకెలు వేయించారు. ఈ ఆటలో ఎంపికకు గణితాన్ని తెచ్చిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. అందులో ఒక భారతీయుడి చేయి ఉందన్న సంగతి డాలస్‌లో మన పిల్లలకు ఎంతమందికి తెలుసో!

ఆ తరం కౌబాయ్స్ 1966 నుంచి 1985 దాకా వరసగా ఇరవై సీజన్లలో ఓటముల కంటే గెలుపులే ఎక్కువగా సాధించింది. అయితే ఆ ఘనత మొత్తం యంత్రానికి కట్టబెట్టడం సరికాదు. 1964 డ్రాఫ్ట్ చూడండి. రెండో రౌండ్‌లో మెల్ రెన్‌ఫ్రో, ఏడో రౌండ్‌లో బాబ్ హేస్, పదో రౌండ్‌లో రోజర్ స్టాబాక్. ముగ్గురూ తర్వాత ఈ ఆట దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. స్టాబాక్ అప్పటికే దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడిగా హైస్మన్ ట్రోఫీ గెలిచినవాడు. అంతటివాడు పదో రౌండ్ దాకా ఎందుకు మిగిలాడంటే, నేవల్ అకాడమీ విద్యార్థి కాబట్టి చదువయ్యాక నౌకాదళంలో పనిచేసి తీరాలి. మిగతా జట్లు రేపటి సీజన్ చూసుకున్నాయి. డాలస్ ఆగడానికి సిద్ధపడింది. అతను 1969లో వచ్చాడు, తర్వాత లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను రెండుసార్లు గెలిపించాడు. అతను గొప్పవాడవుతాడని లెక్కగట్టి చెప్పినవాళ్ళు వేరే జట్లలోనూ ఉండే ఉంటారు. ఐదేళ్ళు ఎదురుచూడగల ఓపిక మాత్రం డాలస్‌కే ఉంది.

అసలు పాఠం 1989లో ఉంది. ఆ ఏడాది జెర్రీ జోన్స్ జట్టును కొన్నాడు, జిమ్మీ జాన్సన్ కోచ్‌గా వచ్చాడు. సీజన్ ఒక గెలుపు, పదిహేను ఓటములతో ముగిసింది. అక్టోబర్ 12న వాళ్ళు తమ ఏకైక స్టార్ హెర్షల్ వాకర్‌ను మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చేశారు. బదులుగా ఐదుగురు ఆటగాళ్ళు వచ్చారు, వాళ్ళతో పాటు కొన్ని పిక్‌లు వచ్చాయి. కిటుకు షరతుల్లో ఉంది. ఆ ఆటగాళ్ళలో ఎవరినైనా గడువులోగా డాలస్ వదులుకుంటే, అతని బదులు వైకింగ్స్ ఒక పిక్ ఇచ్చుకోవాలి. ఆటగాళ్ళనే ఉంచుకుంటారని వైకింగ్స్ అనుకుంది. జాన్సన్ కన్ను మొదటి నుంచీ పిక్‌ల మీదే. డాలస్ నిలువునా మోసపోయిందని అప్పట్లో స్థానిక పత్రికలే రాశాయి. వైకింగ్స్ మాత్రం వాకర్ ఉన్నన్నాళ్ళూ సూపర్ బౌల్ ముఖం చూడలేదు.

ఆ పిక్‌లతో ఏం చేశారన్నదాంట్లో జోస్యాలు చెప్పేవాళ్ళు ప్రత్యేకంగా గమనించాల్సిన సంగతి ఒకటుంది. 1990లో జాన్సన్ కోరుకున్నది బేలర్ యూనివర్సిటీ లైన్‌బ్యాకర్ జేమ్స్ ఫ్రాన్సిస్‌ను. సిన్సినాటి బెంగాల్స్ అతన్ని 12వ పిక్‌తో ఎగరేసుకుపోయింది. అప్పుడు డాలస్ వైకింగ్స్ నుంచి దక్కిన 21వ పిక్‌కు ఒక మూడో రౌండ్ పిక్ జోడించి పిట్స్‌బర్గ్‌కు ఇచ్చి, 17వ స్థానానికి ఎక్కి, ఎమిట్ స్మిత్‌ను తీసుకుంది. పొట్టివాడు, పరుగులో అంత వేగం లేదు అని పేరుపడ్డ కుర్రాడు. అతను కెరీర్‌లో 18,355 గజాలు పరుగెత్తాడు. ఆ రికార్డు ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 1990ల్లో డాలస్ గెలిచిన మూడు సూపర్ బౌల్‌లకూ ఆ కాళ్ళే ఆధారం. ఫ్రాన్సిస్ ఇంకో ఐదు స్థానాలు కిందికి జారి ఉంటే ఆ చరిత్ర ఇలా ఉండేది కాదు.

అదే జాన్సన్ ఒక్క మనిషిని గట్టిగా నమ్మిన చోట ఏమైందో కూడా చెప్పుకోవాలి. 1989 ఏప్రిల్‌లో మొదటి పిక్‌తో ట్రాయ్ ఎయిక్‌మన్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకున్నాక కూడా, జులైలో జరిగిన అదనపు డ్రాఫ్ట్‌లో, కాలేజీలో తన కింద ఆడిన క్వార్టర్‌బ్యాక్ స్టీవ్ వాల్ష్‌ను తీసుకున్నాడు. దానికి ఖరీదు మరుసటి ఏడాది తొలి రౌండ్ పిక్. జట్టు అడుగున నిలవడంతో అదే 1990లో అందరికంటే మొదటి పిక్ అయ్యేది. వాల్ష్ ఏడాది తిరగగానే న్యూ ఆర్లీన్స్‌కు వెళ్ళిపోయాడు. బదులుగా పిక్‌లే రాబట్టుకున్నారు కాబట్టి నష్టం కొంత పూడింది.

1991లో జోన్స్ వ్యాపార భాగస్వామి మైక్ మెకాయ్ ఒక పట్టిక తయారుచేశాడు. మొదటి పిక్‌కు 3,000 పాయింట్లు, రెండోదానికి 2,600, మూడోదానికి 2,200, ఇలా కిందిదాకా. రెండు జట్లు పిక్‌లు మార్చుకునేటప్పుడు ఎవరు ఎంత ఇవ్వాలో ఈ పట్టిక చూసి తూచుకోవచ్చు. కొన్నేళ్ళలోనే లీగ్ అంతా పాకింది. నేటికీ ట్రేడ్ జోస్యాలు చెప్పేవాళ్ళ చేతిలో దీని వారసులే ఉంటాయి. కానీ మెకాయ్ ఆ అంకెలను అంతకుముందు నాలుగేళ్ళలో జట్లు నిజంగా చేసుకున్న బేరాల నుంచి తీశాడు. అంటే జనం ఎంత పెట్టారో అది చెబుతుంది. తెచ్చుకున్న ఆటగాడు ఎంత ఆడాడో అందులో లేదు. ఈ తేడాను కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు 2005లో పరిశోధనాపత్రంగా బయటపెట్టారు. థేలర్‌కు 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పై పిక్‌లకు జట్లు పెట్టే ఖరీదు వాటి విలువకు మించిపోతోందని వాళ్ళు తేల్చారు. ఒకే స్థానంలో ఆడేవాళ్ళలో ముందు ఎంపికైన వాడు ఆ వెనకే ఎంపికైన వాడికంటే మెరుగ్గా రాణించే అవకాశం సగానికి కాస్త ఎక్కువ, అంతే. ఇన్ని వీడియోలు, ఇన్ని కొలతలు, ఇన్ని ఇంటర్వ్యూలు అయ్యాక కూడా బొమ్మా బొరుసా వేసిన దానికంటే కొద్దిగా మేలన్నమాట.

ఈ కాలానికి వస్తే, 2016లో డాలస్ వెంటపడింది పాక్స్టన్ లించ్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసం. డెన్వర్ ఎక్కువ ఇచ్చి తన్నుకుపోయింది. పోనీ కానర్ కుక్‌ను తీసుకుందామనుకుంటే, ఓక్లాండ్ డాలస్ కంటే ఒక్క మెట్టు పైకి ట్రేడ్ చేసుకుని 100వ పిక్‌తో అతన్ని పట్టుకుంది. చివరకు 135వ పిక్‌తో డాక్ ప్రెస్కాట్ వచ్చాడు. సీజన్‌కు ముందు జట్టు క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో గాయపడటంతో మైదానంలోకి దిగిన ఆ కుర్రాడు జట్టును 13 గెలుపులకు నడిపాడు. 2024లో ఏడాదికి 6 కోట్ల డాలర్ల చొప్పున ఒప్పందం అందుకున్నాడు. లించ్ డెన్వర్‌లో నాలుగు మ్యాచ్‌లు మాత్రమే ఆరంభించాడు.

2021లోనూ అంతే. డాలస్ కార్నర్‌బ్యాక్ కోసం చూస్తోందని అందరూ రాశారు. జేసీ హార్న్ 8వ పిక్‌కు, పాట్రిక్ సర్టెయిన్ 9వ పిక్‌కు వెళ్ళిపోయారు. పదో స్థానంలో ఉన్న డాలస్ రెండు మెట్లు కిందికి దిగి, ఆ దిగినందుకు ఫిలడెల్ఫియా నుంచి ఒక మూడో రౌండ్ పిక్ పుచ్చుకుని, మైకా పార్సన్స్‌ను తీసుకుంది. అతను ఈ తరంలో అత్యుత్తమ డిఫెండర్లలో ఒకడయ్యాడు. 2025 ఆగస్టులో జీతం తగాదా ముదిరి గ్రీన్ బేకు ట్రేడ్ అయ్యాడు. కెన్నీ క్లార్క్ అనే ఆటగాడితో పాటు రెండు తొలి రౌండ్ పిక్‌లు, 2026వి, 2027వి, డాలస్‌కు వచ్చాయి. మంచి బేరమా, చెడ్డ బేరమా అన్న తీర్పులు ఆ సాయంత్రానికే వెలువడ్డాయి. 1989 అక్టోబర్‌లో వెలువడ్డ తీర్పు గుర్తున్నవాళ్ళు ఇంకొన్నేళ్ళు ఆగడం మంచిది.

స్మిత్, ప్రెస్కాట్, పార్సన్స్. ముగ్గురూ జట్టు మొదట అడిగిన పేర్లు కారు. దీన్ని అదృష్టం అని కొట్టిపారేయడం తేలిక. మా ఉద్దేశంలో ఇందులో అదృష్టంతో పాటు ఒక నేర్పూ ఉంది. కోరుకున్నది చేజారినప్పుడు ఆ జట్టు దగ్గర ఇంకో పిక్ మిగిలి ఉంది, ఇంకో పేరు సిద్ధంగా ఉంది. ఒక్కడి కోసం ఉన్నవన్నీ ఊడ్చిపెట్టిన జట్లకు ఆ వెసులుబాటు ఉండదు. 1999లో న్యూ ఆర్లీన్స్ జట్టు రికీ విలియమ్స్ అనే ఆటగాడి కోసం ఆ ఏడాది తన పిక్‌లన్నీ ధారపోసి, మరుసటి ఏడాదివి కూడా కొన్ని ఇచ్చింది. ఆ సీజన్‌లో జట్టు మూడు మ్యాచ్‌లే గెలిచింది, కోచ్ ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

జోస్యాల వల్ల జట్లకు జరిగే నష్టం జట్లు చూసుకుంటాయి. ఇరవై రెండేళ్ళ కుర్రాడి సంగతి వేరు. 2025లో షెడూర్ శాండర్స్ అనే క్వార్టర్‌బ్యాక్ తొలి రౌండ్‌లోనే వెళ్తాడని నెలల తరబడి ఊదరగొట్టారు. అతని పేరు మూడో రోజున, ఐదో రౌండ్‌లో, 144వ పిక్‌గా వినిపించింది. 2011 నుంచి కొత్త ఆటగాళ్ళ జీతం ఎంపికైన స్థానాన్ని బట్టే ఉంటుంది. ఆ ఏడాది మొదటి పిక్‌కు నాలుగేళ్ళకు సుమారు 4 కోట్ల 80 లక్షల డాలర్లు వస్తే, 144వ పిక్‌కు 46 లక్షల డాలర్ల దాకా వచ్చాయి. అంతకు మించి, దేశమంతా చూస్తుండగా మూడు రోజులు ఫోన్ పక్కన కూర్చోవాల్సి వచ్చింది. అతన్ని తొలి రౌండ్‌లో కూర్చోబెట్టింది అతను కాదు. అయినా ‘జారిపోయినవాడు’ అన్న ముద్ర అతని మీదే పడింది. ఆ జాబితాలు వేసినవాళ్ళు మర్నాడు 2026 జాబితా మొదలుపెట్టారు.

కాబట్టి ఈ నెల జోస్యాలు ప్రచురించే పత్రికలకు, చానళ్ళకు మా కోరిక ఒకటే. ఈ ఏడాది జాబితా పక్కనే మీరు 2023లో వేసిన జాబితా కూడా వేయండి. ఒక్కో పేరు ఎదుట ఆ ఆటగాడు ఈరోజు ఎక్కడున్నాడో, ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో రాయండి. మూడేళ్ళు గడిస్తే మనిషి ఏపాటి ఆటగాడో చాలావరకు తెలుస్తుంది. 2023లో డాలస్ తొలి పిక్, 26వది, మేజీ స్మిత్ అనే డిఫెన్సివ్ టాకిల్. మూడో సీజన్ ముగియకముందే, 2025 నవంబర్‌లో, అతన్ని న్యూయార్క్ జెట్స్‌కు ట్రేడ్‌లో కలిపి పంపేశారు. ఇక డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవని వాళ్ళకూ ఆ పేజీలో ఓ మూల చోటివ్వండి. క్లిఫ్ హారిస్ 1970లో, డ్రూ పియర్సన్ 1973లో, టోనీ రోమో 2003లో డాలస్‌కు వచ్చింది ఆ మూల నుంచే. మొదటి ఇద్దరి విగ్రహాలూ ఇప్పుడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాయి.