మన వంటిల్లు: దాచుకొని తినవలసిన కూర కాదు



బడిలో మధ్యాహ్నం తన పిల్లవాడు క్యారేజీ మూత సగమే తీసి, చెయ్యి అడ్డం పెట్టుకొని తింటున్నాడని ఒక తల్లి మాతో చెప్పి కంటతడి పెట్టింది. అందులో ఉన్నది ఆదివారం మిగిలిన పెద్దమాంసం కూర. మన పల్లెల్లో చాలా ఇళ్లలో ఇంతే. రుచి అందరికీ ఇష్టం, పేరు చెప్పాలంటేనే సిగ్గు.

ఈ సిగ్గు వెనుక ఒక కథ ఉంది. క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యంతో మాదిగపల్లెలు కదిలాయి. కొత్త విశ్వాసులు ఆదివారం పని మానారు, విగ్రహాలకు మొక్కడం మానారు, చచ్చిన పశువు మాంసం తినడం మానారు. ఊరి పెద్దల కోపాన్ని భరించి మరీ మానారు. చచ్చిన గొడ్డును ఈడ్చడం, దాని మాంసమే కూలిగా తీసుకోవడం ఆనాటి వెట్టిలో భాగం. మన పెద్దలు విడిచింది ఆ వెట్టిని. శుభ్రంగా కొని, కడిగి, ప్రార్థన చేసుకొని తినే కూరను కాదు. ఈ తేడా పిల్లలకు చెప్పాలి.

1977 నాటి చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ఆవులను, దూడలను వధించకూడదు. కనుక తనిఖీ జరిగిన దున్న మాంసమే, నమ్మకమైన దుకాణంలో తీసుకోండి.

ఇక కూర సంగతి. మనకు రోజూ అలవాటైన దోసకాయనే దీనిలో వేద్దాం. అరకిలో మాంసం ఆరుగురికి సరిపోతుంది.

చిన్న ముక్కలు కోసి కడిగి, పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి అరగంట ఉంచండి. రెండు ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, మాంసం వేసి, నీరు ఇగిరేదాకా మగ్గనివ్వండి. రెండు చెంచాల కారం వేసి, గ్లాసున్నర నీళ్లు పోసి, కుక్కరులో సన్నసెగ మీద అరగంట ఉంచండి. ముదురు మాంసమైతే ఇంకో పావుగంట. కట్టెల పొయ్యి మీద దాకలో అయితే రెండు గంటల పైనే పడుతుంది.

దోసకాయ చెక్కు, గింజలు తీసి, చేదు చూసి, పెద్ద ముక్కలు కోయండి. మాంసం మెత్తబడ్డాకే వేయండి. ముందే వేస్తే గుజ్జయిపోతుంది. పది నిమిషాలు ఉడికాక ధనియాలు, లవంగాలు, చెక్క, గసగసాలు నూరిన ముద్ద, కొత్తిమీర వేసి దించండి.

మిరపకాయలు కల్లంలో ఎండే రోజుల్లో మన అమ్మమ్మలు ఉప్పు, పసుపు, కారం పట్టించిన మాంసాన్ని దండెం మీద ఆరవేసి ఉప్పుకండలు చేసేవారు. బాగా గలగలలాడేలా ఎండితేనే డబ్బాలో పెట్టండి. నాలుగు ముక్కలు నానబెట్టి ఉడికించి పప్పుచారులో వేస్తే చాలు, ఆ రోజు ఇంకో కూర అడగరు.

పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్లి అలసి వచ్చే తల్లులకు, ఎదిగే ఆడపిల్లలకు రక్తం పట్టడానికి కావలసిన ఇనుము ఈ మాంసంలో బాగా ఉంటుంది. అయితే భోజనం కాగానే టీ తాగకండి, ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు.

తిననివారిని నొప్పించవద్దు. రోమా పత్రిక 14వ అధ్యాయం ఇంటిల్లిపాదీ చదువుకోండి. తినేవాడు తిననివాడిని, తిననివాడు తినేవాడిని ఎలా చూడాలో అక్కడుంది. ఆ తరువాత మీ బిడ్డకు క్యారేజీ కట్టి, మూత పూర్తిగా తీసుకొని తినమని చెప్పండి.