మేకల రక్తపరీక్షకు సంఘమేల పూనుకొనరాదు?

కోనసీమలో కొబ్బరితోటలలోను, కాలువగట్లపైనను, లంకలలోను మేకలను మేపుకొను కుటుంబములకు మేక యనగా చేతిలోని రొక్కమే. పిల్లల చదువునకో, వైద్యమునకో ఒకదానిని అమ్ముకొందురు. అట్టి మేక నాలుగునాళ్లు జ్వరపడి, మేత మాని, కనుఱెప్పల లోపలితట్టు తెల్లబడి చచ్చినప్పుడు ‘గాలి సోకిన’దని ఊరకుందుము. ఆ చావులలో కొన్నింటికి కారణము పిడుదులు మోసికొనివచ్చు థైలేరియా, బబీసియా యను రక్తపరాన్నజీవులు. ఎఱ్ఱకణములలో చేరు అనాప్లాస్మా యను సూక్ష్మజీవియు వీనితో జతపడుచుండును.

చెవినరమునుండి తీసిన రక్తపుచుక్కను గాజుపలకపై పూసి, జీమ్సా రంగువేసి, సూక్ష్మదర్శినితో చూచుట పాత పద్ధతి. జ్వరము ముదిరినపుడు అది తఱచు చాలును, చౌకయు. కాని రోగమునుండి తేఱుకొన్న మేక కొద్దిపాటి క్రిములను నెలలతరబడి నెత్తుటిలో దాచుకొని, చూపునకు పుష్టిగానే తిరుగును. సంతలో మనము ముచ్చటపడి కొనునది ఇట్టిదే కావచ్చును. పలకపై ఆ క్రిమి దొరకదు. దాని రక్తము త్రాగిన పిడుదులవలన మందకంతయు రోగము ప్రాకవచ్చును.

1983లో కేరీ మలిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కనుగొన్న పి.సి.ఆర్. పద్ధతి క్రిమి యొక్క డి.ఎన్.ఏ.లోని ఒక తునుకను పట్టుకొని, వేడిచేయుచు చల్లార్చుచు, ఒక్కొక్క ఆవృత్తికి దానిని రెట్టింపు చేయును. లెక్కకు ముప్పది ఆవృత్తులలో ఒకటి నూఱుకోట్లు దాటును. క్రిమి ఏ జాతిదో కూడ తేలును. మాకు కావలసినది ఇదియే. ఏలయన థైలేరియాకు బుపర్వకోన్, బబీసియాకు డిమినజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్ వాడుదురు. ఏ రోగమో తెలియక ఊహపై సూదులు పొడిపించుట మనకు అలవాటైనది.

అట్లని ఈ పరీక్షను దైవమువలె కొలువరాదు. థైలేరియా ఓవిస్ వంటిది రక్తములో నున్నను సాధారణముగా హాని చేయదు. కాగితముపై పేరు కనబడినంత మాత్రమున మందు వేయింపనక్కఱలేదు. పశువైద్యుడు మేకను చూచి నిర్ణయింపవలెను.

ఖర్చు మాట గలదు. నాలుగు మేకలవాడు ఒంటరిగా భరింపలేడు. అన్నిటికిని చేయింపనక్కఱలేదు, క్రొత్తగా కొన్నవానికిని, కారణము తెలియక రక్తము తగ్గినవానికిని చాలును. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల సభ్యులు ఒకేదినమున నమూనాలిచ్చినచో, సంఘమే వానిని పశువైద్యుని ద్వారా మంచుపెట్టెలో తగిన ప్రయోగశాలకు పంపవచ్చును. గన్నవరములోని ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాలవారిని ముందుగా విచారించుట మంచిది. ఎరువుల అప్పునకు పూచీపడు సంఘము ఈ వ్యయములో సగమైనను వహించుట న్యాయమని నా అభిప్రాయము.

ఫలితము వచ్చువఱకు క్రొత్త మేకను వేఱుగా కట్టుడు. ఆవుల పాకలో మాత్రము కట్టకుడు. ఆ గోడల బీటలలోనే పిడుదులు గ్రుడ్లు పెట్టును.