సీటుతోపాటు గుర్తింపూ హక్కే

నల్లగొండ, పాలమూరు ముస్లిం కుటుంబాలకు గల్ఫ్ కొత్త కాదు. తండ్రులు మేస్త్రీలుగా, డ్రైవర్లుగా వెళ్లారు. 2007 చట్టం బీసీ-ఈ వర్గాలకిచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ మూలంగా బిడ్డలు ఇంజనీర్లయ్యారు. కానీ అక్కడ పట్టా ఒక్కటే చాలదు. సౌదీలో ఇంజనీర్ల మండలిలో నమోదు కావాలి. కువైట్‌లో 2018లో ఇంజనీర్ల సంఘం ఆమోదం లేనిదే ఆ హోదాతో ఇఖామా పునరుద్ధరించబోమన్నారు. భారతీయ పట్టాలకు ఎన్‌బీఏ గుర్తింపు అడిగారు. ఏళ్లుగా పనిచేస్తున్నవారూ చిక్కుల్లో పడ్డారు.

ఎన్‌బీఏ గుర్తింపు కళాశాల మొత్తానికి కాదు, ఒక్కొక్క బ్రాంచికి. అదీ నిర్ణీత కాలానికే. నాక్ గ్రేడు దానికి బదులు కాదు. ఈ తేడా తెలియకపోవడం విద్యార్థి నేరమా? ఏఐసీటీఈ అనుమతించిన కళాశాలలో, ప్రభుత్వమే ఫీజు చెల్లించిన చదువది.

కనుక ఫీజు చెల్లించే ప్రభుత్వమే, నిర్ణీత గడువులోగా ఎన్‌బీఏ గుర్తింపు పొందాలని కళాశాలలకు షరతు విధించాలి. అంతవరకు మన మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు కౌన్సెలింగ్‌కు ముందే ఆ జాబితా చూసి పిల్లలకు చెప్పాలి. సీటు మన హక్కు; ఆ సీటు ఇచ్చే పట్టాకు సరిహద్దు దాటినా విలువ ఉండడమూ మన హక్కే.