అంతఃపురపు గడప

ఉన్నత వంశంలో జన్మించడం మహాభాగ్యమని లోకం భావిస్తుంది. మధ్యయుగాల నాటి రాచకన్యల విషయంలో ఈ భావన సగమే సత్యం. కూలికి పోయే స్త్రీకి దారిద్ర్యం ఉండవచ్చు. కాని ఆమెకు ఊరి దారి తెలుసు. రాకుమార్తెకు నగలుండేవి, దాసీజనముండేది. గడప దాటే స్వేచ్ఛ మాత్రం ఉండేది కాదు. వంశం ఎంత గొప్పదైతే ఆమె చుట్టూ గోడ అంత ఎత్తుగా లేచేది.

నల్లమలకు తూర్పున రెండు కొండలను కలుపుతూ గుండ్లకమ్మ నదికి అడ్డంగా నిర్మించిన కంభం చెరువు ఈ సత్యానికి సాక్షి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు ఆ ప్రాంతం కర్నూలు జిల్లాలోనే ఉండేది. ఆ చెరువును కట్టించినది శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు అని జనశ్రుతి. భర్త ఆదరణకు నోచుకోక ఆమె కంభంలో ఒంటరిగా కాలం గడిపిందని, తన సొమ్ముతో చెరువు త్రవ్వించిందని పెద్దలు చెప్పుకొంటారు.

ఆమె వివాహం వెనుక యుద్ధముంది. 1513లో ఉదయగిరి ముట్టడితో మొదలైన విజయనగర, గజపతుల పోరు కొన్నేండ్లకు సంధితో ముగిసింది. ప్రతాపరుద్ర గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి వివాహం చేశాడు. దుర్గాలు, సరిహద్దులు చేతులు మారినట్లే ఒక కన్య కూడ చేతులు మారింది. ఆమె సమ్మతిని అడిగినట్లు ఏ కథా చెప్పదు.

ఆమె పేరైనా మనకు స్థిరంగా తెలియదు. కొందరు తుక్కాదేవి అన్నారు, కొందరు జగన్మోహిని అన్నారు. కంభం ప్రజలు వరదరాజమ్మ అన్నారు. ఉపేక్షకు గురైన స్త్రీ ఆవేదన పలికే 'తుక్కాపంచకం' శ్లోకాలు ఆమెవేనని సంప్రదాయం. 1520 ప్రాంతంలో హంపిని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు పేయిస్ మాత్రం గజపతి కుమార్తెను ప్రధాన రాణులలో ఒకరిగా పేర్కొన్నాడు. రాణులు పరపురుషుల కంట పడరనీ, మూసిన పల్లకీలలోనే కదులుతారనీ ఆయనే వ్రాశాడు. ఆమె ఆదరణ పొందిన రాణియా, పరిత్యక్తయా అన్నది అటుంచుదాం. రెండు కథలలోను గోడ ఒక్కటే.

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును దీనితో పోల్చి చూడండి. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలం పట్టిన వైనమంతా 1369 నాటి శాసనంలో ఉంది. రాకుమారుని కీర్తి శిలాక్షరమైంది. రాకుమార్తె కీర్తి జనుల నోట కథగా మాత్రమే మిగిలింది.

ఆ కాలపు స్త్రీలలో విదుషీమణులు లేరా అని కొందరు ప్రశ్నించవచ్చు. ఉన్నారు. కంపరాయల భార్య గంగాదేవి 'మధురావిజయం' అనే సంస్కృత కావ్యం రచించింది. రాజాంతఃపురంలో లెక్కలు వ్రాసే స్త్రీలున్నారని నూనిజ్ అనే మరొక పోర్చుగీసు వ్రాశాడు. అయితే గంగాదేవి కావ్యం కీర్తించినది భర్త విజయాన్ని. స్త్రీలకు సామర్థ్యం కొరవడలేదని ఈ ఉదాహరణలు చాటుతాయి. స్వేచ్ఛ ఉన్నదని చాటవు. లోపం స్త్రీలో లేదు, ఆమెను బంధించిన ఆచారంలో ఉంది.

నేడు పల్లకీలు లేవు, అంతఃపురాలు లేవు. అయినా పరువు అనే మాట ఇంకా మిగిలి ఉంది. "చదివినది చాలు, మంచి సంబంధం వచ్చింది" అన్న మాటతో ఇంటర్మీడియట్ దగ్గరే ఆగిపోయే బాలికలు మన పల్లెలలో లేరా? పొలాల పంపకం కోసం, కుటుంబాల సఖ్యత కోసం కుదిర్చే పెండ్లిలో ఆమె ఇష్టాన్ని అడిగేవారెందరు? పద్దెనిమిదేండ్లు నిండని బాలికకు వివాహం చేయడం నేరమని 2006 నాటి చట్టం చెబుతున్నది. చట్టం వయస్సును కాపాడగలదు. సమ్మతిని గౌరవించవలసినది కుటుంబమే.

కట్ట నీటిని నిలుపుతుంది, తూము నీటిని పొలానికి పంపుతుంది. తూము లేని చెరువు ఎంత నిండినా పైరుకు ఫలమేమి? రక్షణ పేరిట ఆడపిల్ల చుట్టూ కట్టలు వేసే పెద్దలు ఈ సంగతి గ్రహించాలి. ఆమె చదువుకు, ఆమె మాటకు దారి విడిచినప్పుడే ఆ రక్షణకు గౌరవం.