ఆరోగ్యపాఠము

ఆరోగ్యమే మహాభాగ్యమను సామెతను గూర్చి పది పంక్తులు వ్రాయుమన్నచో ఎనిమిదవ తరగతి విద్యార్థి తడుముకొనకుండ వ్రాయగలడు. భోజనమునకు ముందు చేతులు కడుగుకొనవలెననియు, కాచి చల్లార్చిన నీరు త్రాగవలెననియు, ఆకుకూరలు తినవలెననియు వ్రాయును. తగిన మార్కులను పొందును. అట్లు వ్రాసిన బాలుడే పరీక్షాగదినుండి వెలుపలికి వచ్చి, చేతులు కడుగుకొనకయే మధ్యాహ్నభోజనపు వరుసలో నిలుచుండును. ఇందులో అతని తప్పు ఎంత యన్నది ఆలోచింపదగిన విషయము. కుళాయి ఎండిపోయి యుండవచ్చును. సబ్బుబిళ్ళ మొన్ననే అరిగిపోయి యుండవచ్చును. అంతకంటె పెద్ద కారణము మఱియొకటి కలదు. చేతులు కడుగుకొనుట పరీక్షలో వ్రాయదగిన విషయమని అతడు నేర్చెను గాని, ఎందులకు కడుగుకొనవలెనో ఎవరును అతని మనసున నాటలేదు.

పాఠశాలకును ఆరోగ్యమునకును గల సంబంధము నిన్న మొన్న కనిపెట్టినది కాదు. బరోడా నగరములో 1909లోనే బడిపిల్లలకు వైద్యపరీక్షలు జరిగినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1960లో, శ్రీమతి రేణుకా రాయ్ అధ్యక్షతన కేంద్రప్రభుత్వము ఒక సంఘమును నియమించి బడిపిల్లల ఆరోగ్యస్థితిని విచారింప జేసినది. ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద 2020లో మఱియొక ఏర్పాటు ప్రకటింపబడినది. దాని ప్రకారము ప్రతి పాఠశాలయందును ఇద్దరు ఉపాధ్యాయులు, వీలైనచో ఒక పురుషుడును ఒక స్త్రీయును, తగిన శిక్షణ పొంది వారమునకొక గంటసేపు ఆరోగ్యవిషయములను బోధింపవలెను. ఆహారము, పరిశుభ్రత, కౌమారమున కలుగు మార్పులు, మనసునకు కలుగు కలత, మత్తుపదార్థముల కీడు, గాయములనుండి రక్షణ, అంతర్జాలమును జాగ్రత్తగా వాడుట మున్నగునవి ఆ బోధనలోనివి. విద్యార్థులు వానిని ఇంటికిని వీధికిని చేరవేయు ఆరోగ్యదూతలు కావలెనట. పేరు చక్కనిదే. కాని దూత యనగా మాటను మోసికొనిపోవువాడు మాత్రమే కాడు. అవతలివారు ఎదురుప్రశ్న వేసినప్పుడు సమాధానము చెప్పగలవాడు కూడ. రామాయణమునందలి హనుమంతుడు లంకలో అప్పగించిన మాట ఒక్కటే చెప్పి ఊరకుండినచో కథ అంతటితో నిలిచిపోయెడిది.

దీనికి చక్కని దృష్టాంతము పాఠశాలలలో పంచెడు నీలిరంగు మాత్ర. పది మొదలు పందొమ్మిది ఏండ్ల వయస్సుగల బాలబాలికలకు వారమునకొకటి చొప్పున ఈ మాత్ర ఈయవలెనని నియమము. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుమును, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును ఉండును. ఉపాధ్యాయుడు పేరు పిలుచును, మాత్ర చేతిలో పెట్టును, పట్టికలో గుర్తు వేయును. కొందరు మ్రింగుదురు. కొందరు నాలుక క్రింద దాచి, పంపునొద్దకు పోయి ఉమిసివేయుదురు. ఈ మాత్ర తిన్నచో కడుపు త్రిప్పుననియు, మలము నల్లబడుననియు, ఏదో కీడు జరుగుననియు బడిలో ఒక వదంతి పుట్టిన చాలును, పట్టికలోని గుర్తులన్నియు వట్టివగును. ఆ వదంతిలో కొంత నిజమున్నది గనుకనే అది బలము పొందును. పరగడుపున మ్రింగినచో కొందరికి వికారము కలుగును. మలము నల్లబడుటయు నిజమే. కడుపులో మిగిలిన ఇనుమే అందులకు కారణము, దానివలన హాని లేదు. ఈ రెండు మాటలు ముందుగనే చెప్పిన ఉపాధ్యాయుని తరగతిలో వదంతికి చోటుండదు. చెప్పక బెదిరించి మ్రింగించిన చోట మాత్ర కిటికీలోనుండి వెలుపలికి పోవును.

ఆ మాత్ర ఎందులకో తెలిసికొనుటకు రక్తమును గూర్చి కొంచెము తెలియవలెను. రక్తమునకు ఎఱ్ఱదనమిచ్చు హిమోగ్లోబిన్ అను పదార్థము ఊపిరితిత్తులలో ప్రాణవాయువును గ్రహించి శరీరమంతటికిని మోసికొనిపోవును. దాని నడుమ ఉండునది ఇనుము. ఇనుము చాలనిచో మోయువారు తగ్గుదురు. మెట్లెక్కగానే ఆయాసము, మధ్యాహ్నపు తరగతిలో కునుకు, చదివినది నిలువకపోవుట సంభవించును. అట్టి పిల్లను బడిలో సోమరియందురు. ఇంటిలో పనిదొంగ యందురు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 19 ఏండ్ల వయస్సుగల బాలికలలో నూటికి 59 మందికిని, బాలురలో నూటికి 31 మందికిని రక్తహీనత ఉన్నట్లు తేలినది. అనగా ఒక తరగతిలో సోమరులని పేరుపడిన పిల్లలలో ఎందరు నిజముగా సోమరులో, ఎందరు రక్తము చాలనివారో ఎవరు చెప్పగలరు? ఇది బాలికల జబ్బు మాత్రమేయని బాలురు నవ్వుటకును వీలు లేదు.

ఆ మాత్రలోని రెండవ పదార్థమునకు తెలుగువారితో చుట్టరికము కలదు. లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీలకు కలుగు ఒకవిధమగు రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారమును తినిపించినచో అది కుదురునని 1931లో ప్రకటించినది. అందులోని గుణకారి పదార్థమేదో అప్పటికి తెలియదు. తరువాత పది సంవత్సరములకు శాస్త్రజ్ఞులు పాలకూర ఆకులనుండి ఒక ఆమ్లమును వేరుచేసి, లాటిన్ భాషలో ఆకునకు గల పేరును బట్టి దానిని ఫోలిక్ ఆమ్లమనిరి. దానిని ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును 1945లో కనుగొన్న అమెరికాలోని లెడర్లీ పరిశోధకబృందమునకు నాయకుడు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895లో భీమవరమున జన్మించెను. ఆయన సోదరులను స్ప్రూ అను గ్రహణివ్యాధి బలిగొన్నది. ఆయనయు ఆ వ్యాధిచేత పీడింపబడినవాడే. అదే వ్యాధికి ఉపయోగపడు మందు ఆయన చేతిమీదుగా లోకమునకు లభించినది. భీమవరము బాలుని కథను ఒక్కసారి చెప్పినచో ఆ నీలిమాత్రను ఉమిసివేయువారి సంఖ్య తప్పక తగ్గును. ఇంతటి కథ చేతికందునట్లుండగా, పట్టికలో గుర్తు వేసి ఊరకుండుట విచారకరము.

ఇక మాత్రతోనే పని ముగియదు. భోజనము చేసిన వెంటనే తేనీరు త్రాగినచో ఆహారములోని ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మ, జామ, ఉసిరి తిన్నచో బాగుగా పట్టును. తోటకూర వండిన తల్లికి ఒక నిమ్మచెక్క పిండుమని చెప్పుటకు ధనమక్కరలేదు. కడుపులో కొంకిపురుగులున్నచో అవి రక్తమును పీల్చును. వాని పిల్లపురుగులు మలముతో కలుషితమైన నేలలో పెరిగి, చెప్పులులేని పాదముల చర్మమును తొలుచుకొని లోనికి పోవును. అందుచేతనే 2015 నుండి నులిపురుగుల నివారణదినమును జరిపి పిల్లలచే ఆల్బెండజోల్ మాత్రను నమిలింపజేయుచున్నారు. మాత్ర, చెప్పులు, మరుగుదొడ్డి అను మూడును వేర్వేరు పాఠములలో మూడు వాక్యములుగా ఉన్నచో విద్యార్థి వానిని కలుపుకొనలేడు. కలిపి చెప్పుట ఉపాధ్యాయుని పని.

ఆరోగ్యవిషయములు ఇంటిలో తల్లిదండ్రులు చెప్పవలసినవే గాని బడిలో చెప్పదగినవి కావని వాదించువారున్నారు. ముఖ్యముగా కౌమారమును గూర్చి. 2007లో కొన్ని రాష్ట్రప్రభుత్వములు కౌమారవిద్యా కార్యక్రమమును అభ్యంతరములు చెప్పి నిలిపివేసినవి. తెలుగునాట ఎనిమిదవ తరగతి జీవశాస్త్రములో కౌమారదశను గూర్చిన పాఠము చేర్చబడినది. అయినను పాఠము పుస్తకములో ఉండుట వేరు, తరగతిలో జరుగుట వేరు. "దీనిని ఇంటివద్ద చదువుకొనుడు" అని రెండు పుటలను త్రిప్పివేయు ఉపాధ్యాయులు ఎన్ని బడులలో లేరు! వారిని నిందించుటకంటె వారి సంకోచమును అర్థము చేసికొనుట మేలు. వారికిని చిన్ననాడు ఎవరును చెప్పలేదు. కాని ఫలితమేమి? బాలుడు గొంతు బొంగురుపోయినందుకు నలుగురిలో మాటాడుటకు సిగ్గుపడును, తనకేమో అయినదని లోలోపల క్రుంగును. బాలిక తొలి ఋతుస్రావమును చూచి రోగమని భయపడును. సందేహము తీర్చు పెద్దలు లేనిచో చేతిలోని ఫోను తీర్చును. అది చెప్పునదానిలో నిజమెంతయో, మురికి యెంతయో ఆ వయసువారికి తెలియదు. ఇంటిలో చెప్పవలెనన్నవారి ఇండ్లలోనైన చెప్పుచున్నారా? నెలకు మూడుదినములు పిల్లను మూల కూర్చుండబెట్టుట చెప్పుట కాదు.

ఈ పాఠమును బాలురకును బాలికలకును చెప్పవలెను. ఋతుక్రమము జబ్బుకాదని తెలిసిన బాలుడు తోటిబాలిక దుస్తులమీది మరకను చూచి నవ్వడు. అట్టి బాలుడు ఇంటికి పోయి చెల్లెలిపట్ల ఎట్లు మెలగునో ఊహించవచ్చును.

ఆరోగ్యపాఠము ప్రాణముమీదికి వచ్చు సందర్భము పాముకాటు. 2000 మొదలు 2019 వరకు ఈ దేశములో సంవత్సరమునకు సగటున 58,000 మంది పాముకాటువలన మరణించిరని పరిశోధకుల అంచనా. వారిలో అధికులు పల్లెలవారు. ఇరువదవ శతాబ్దపు తొలి భాగమున ప్రథమచికిత్స నేర్పినవారు కాటుపై గట్టిగా కట్టుకట్టి, గాయమును కత్తితో కోసి, పొటాషియం పర్మాంగనేట్ చల్లవలెనని చెప్పెడివారు. నేడు వైద్యులు వీనిలో ఏదియు చేయవలదని చెప్పుచున్నారు. రక్తపింజర విషము రక్తమును గడ్డకట్టనీయదు గనుక, కోసిన గాయమునుండి రక్తము ఆగక కారును. గట్టికట్టువలన కాలు చెడును. కఱచిన అవయవమును కదలకుండ బద్దతో నిలిపి, రోగిని నడిపింపక మోసికొని ఆసుపత్రికి చేర్చవలెను. విషమునకు విరుగుడైన మందు సూది అచ్చట ఉండును. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కఱచును. కాటు నొప్పియే తెలియకపోవచ్చును, తెల్లవారునప్పటికి కనురెప్పలు వ్రాలును. కనుక మంచముమీద దోమతెర కట్టుకొని పరుండుట దోమలకొరకే కాదు.

పాతపాఠమును కంఠస్థము చేసినవాడు కత్తికొరకు వెదకును. కారణము తెలిసినవాడు పాతదానిని విడువగలడు. రాత్రి పదిగంటలకు పొలమునుండి వచ్చిన తండ్రిని పాము కఱచినప్పుడు, ఇరుగుపొరుగువారు మంత్రగానికి కబురుపెట్టుదమనుచుండగా, పదమూడేండ్ల పిల్ల "వద్దు, 108కి ఫోను చేయుడు, నాన్నను నడిపింపకుడు" అని గట్టిగా పలుకవలసి యున్నది. "ఎందుకే?" అని అమ్మమ్మ అడుగును. ఆ ప్రశ్నకు ఆ పిల్ల ఏమి చెప్పునన్నదే ఆరోగ్యపాఠమునకు నిజమైన పరీక్ష. ఏటి చివర వ్రాయు ప్రశ్నపత్రము దానిని పరీక్షింపజాలదు.

ఆరోగ్యవిద్యకు మార్కులు పెట్టినచో పిల్లలు శ్రద్ధ వహింతురని కొందరందురు. వారమునకొక గంటయే దొరకు ఈ విషయమునకు మార్కులు పెట్టినచో అదియు వల్లెవేతయే యగును. అంతకంటె ఆరోగ్యదూతలచేత చేయింపదగిన పని మఱియొకటి కలదు. ఒక కాగితముమీద గడులు గీసి, ఎన్ని కుళాయిలున్నవి, ఎన్నింటికి నీరు వచ్చుచున్నది, సబ్బున్నదా, బాలికల మరుగుదొడ్డి తలుపునకు గడియ యున్నదా, చెత్తబుట్ట యున్నదా, నేడు ఎందరు మాత్రను భోజనమునకు పిదప మ్రింగిరి అను విషయములను ప్రతివారము వారే చూచి వ్రాయవలెను. ఇది చూచుటకు కష్టమైన పనికాదు. చూపుటకే ధైర్యము కావలెను. ఏలయన బడిలో బోధించు పాఠమును బడి గోడలే కాదనుచున్నవని ఆ కాగితము ఒక్కొక్కప్పుడు చెప్పును. బాలికల మరుగుదొడ్డికి నీరులేదని పదునాలుగేండ్ల పిల్ల వ్రాసితెచ్చినప్పుడు ప్రధానోపాధ్యాయుడు కోపగించుకొనక, ఆ కాగితముపై తేదీ వేసి, పాఠశాలా నిర్వహణసంఘపు వచ్చు సమావేశములో దానిని మొదటి విషయముగా చదివి వినిపింపవలెను.