విందుల విద్యాలయములు

అమెరికాదేశపు కళాశాలలలో కొన్నింటికి ‘పార్టీ స్కూళ్లు’ అని పేరు. పార్టీ యనగానే మన చదువరులకు రాజకీయపక్షములు జ్ఞప్తికి వచ్చును. అచ్చటి వాడుక వేరు. ఏ విద్యాలయమున విద్యార్థులు పుస్తకములు మూసి రాత్రులు మద్యపు విందులలో గడపుదురని లోకము తలంచునో దానికే ఈ పేరు. పేరుతోపాటు ఒక తీర్పును కలదు: అచ్చట చదువువాడు సోమరి, త్రాగుబోతు, తండ్రి సొమ్ము తగులబెట్టువాడు.

ఎక్కడి అమెరికా, ఎక్కడి మనము అని ఈ విషయమును త్రోసివేయరాదు. 2023-24 విద్యాసంవత్సరమున ఆ దేశములో 3,31,602 మంది భారతీయ విద్యార్థులుండిరి. ఆ యేట అచ్చటికి వచ్చిన పరదేశ విద్యార్థులలో మనవారే అధికసంఖ్యాకులు. వారిలో తెలుగు బిడ్డల పాలు విశేషము. ఎకరము పొలమమ్మియో, బ్యాంకులో ఋణము దెచ్చియో కొడుకును కూతును పంపిన తల్లిదండ్రులు ‘అచ్చట అందరును త్రాగుదురట’ యను మాట విని నిద్రకు దూరమగుచున్నారు. కావున ఆ మాటలో నిజమెంతయో విచారించుట మనకును విధియే.

ముందుగా ఈ పేరు పుట్టిన విధము చూతము. 1987 జనవరిలో ప్లేబాయ్ అను విలాసపత్రిక ఇట్టి కళాశాలల పట్టికను ప్రకటించి, కాలిఫోర్నియా రాష్ట్రములోని చీకో విశ్వవిద్యాలయమునకు అగ్రస్థానమిచ్చెను. ఆ వసంతముననే అచ్చటి విద్యార్థుల వార్షికోత్సవము అల్లరులలో ముగియగా, విశ్వవిద్యాలయాధ్యక్షుడు ఆ ఉత్సవమునే రద్దుచేసెను. తరువాత 1990 దశకమునుండి ప్రిన్స్‌టన్ రివ్యూ అను వ్యాపారసంస్థ ఈ పనికి పూనుకొనెను. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకును దీనికిని సంబంధము లేదు. మీ కళాశాలలో మద్యము, గంజాయి వాడుక యెంత, తరగతి వెలుపల చదువు ఎన్ని గంటలు, గ్రీకు అక్షరముల పేరుగల విద్యార్థి సంఘములకు ఆదరణ యెట్టిది అని విద్యార్థులనే ప్రశ్నించి, ఆ జవాబులనుబట్టి వరుస నిర్ణయించుట దాని పద్ధతి. అనగా అది కొలిచినది త్రాగినవారి సంఖ్యను గాదు, త్రాగుడును గూర్చి విద్యార్థుల అభిప్రాయమును. 2002లో అమెరికా వైద్యసంఘము ఈ పట్టికను మానివేయవలసినదని ఆ సంస్థను కోరెను. ఇక్కడ ఒక విశేషము గలదు: ఆ సంస్థయే మద్యమునంటని కళాశాలల పట్టికను గూడ వేసినది. మోర్మన్ మతసంస్థ నడపు బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయము అందు ఇరువదియేండ్లకు పైగా ప్రథమస్థానమున నిలిచెను. ఆ వార్త ఎందరి చెవిని బడినది? చెడ్డపేరు రెక్కలతో పోవును, మంచిపేరు కాళ్లతో నడచును.

పట్టికలో అగ్రస్థానము పొందిన ఒక విద్యాలయమును తీసికొందము. మాడిసన్ నగరములోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు 2005లోను, మరల 2016లోను ఈ ‘గౌరవము’ దక్కెను. నలుబది వేలకు మించిన విద్యార్థులు చదువుకొను చోటు అది. 1913లో విటమిన్ ‘ఎ’ను కనుగొన్న మెకాలమ్, డేవిస్‌లు అచ్చటివారే. 1998లో మానవ పిండమునుండి మూలకణములను తొలుత వేరుచేసిన థామ్సన్ అచ్చటివాడే. అన్నింటికంటె మనకు ఆప్తమైన పేరు హరగోవింద ఖొరానా. పంజాబులోని ఒక చిన్న గ్రామమున బుట్టిన ఆ మహనీయుడు 1960లో ఆ విశ్వవిద్యాలయమున జేరి, జీవకణములోని వంశసంకేతమును విప్పుటలో పాలుపంచుకొని, అచ్చట నుండగనే 1968లో నోబెల్ బహుమానము నందెను. ఆ నగరవీథులలో శనివారము రాత్రి కేకలు వినబడుట నిజము. ఆ రాత్రియే ప్రయోగశాలలలో దీపములు వెలుగుటయు నిజము. దారిన బోవువానికి కేకలే వినబడును. నిండుకుండ తొణకదు గదా!

ఇక అంకెలు చూతము. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన హెన్రీ వెక్స్‌లర్, అతని సహచరులు 1993లో 140 కళాశాలలలో పదునేడు వేలకు పైగా విద్యార్థులను విచారించిరి. పురుషుడు వరుసగా అయిదు, స్త్రీ నాలుగు పానపాత్రలు త్రాగినచో దానిని మితిమీరిన పానముగా లెక్కించిరి. గడచిన రెండు వారములలో ఒక్కసారియైనను అట్లు త్రాగినవారు నూటికి 44 మందిగా తేలిరి. ఈ అంకె చిన్నది కాదు. ఐనను మిగిలిన 56 మందిని మరువరాదు. వారిలో సంవత్సరమంతయు మద్యము ముట్టనివారే సుమారు 16 మంది. అంతకంటె గమనింపదగిన దింకొకటి. మాటిమాటికి మితిమీరి త్రాగువారు విద్యార్థులలో అయిదవవంతు మాత్రమే; కళాశాలలలో వ్యయమైన మద్యములో మూడింట రెండుపాళ్లు వారి కడుపులలోనికే పోయినది. అనగా ‘అందరును’ అను మాట అసత్యము, ‘కొందరు మిక్కిలిగా’ అను మాట సత్యము. ఆ కొందరును విశేషముగా మునుపు చెప్పిన సంఘముల నివాసములలో గుమిగూడియుందురు.

లోకము కల్పించుకొన్న విద్యార్థి చిత్రమున లేని మరియొక రూపము గలదు. అది కూలిచేయు విద్యార్థి రూపము. అమెరికాలో పూర్తికాలము చదువు విద్యార్థులలో నూటికి సుమారు 40 మంది ఏదో యొక ఉద్యోగము చేయుచునే చదువుచున్నారు. కొంతకాలము మాత్రము చదువువారిలో ఆ సంఖ్య 70కి మించును. హోటలులో పళ్లెములు కడిగి, గ్రంథాలయములో పుస్తకములు సర్ది, తెల్లవారి తరగతికి వచ్చు ఈ విద్యార్థిని ఏ పట్టికయు లెక్కింపదు. మన యెల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టను చేరి, ఆసుపత్రిలో సేవకవృత్తి చేయుచు హార్వర్డున చదివెను. ఆ త్రోవన నడచువారు నేటికిని గలరు.

అపవాదము అపవాదముగనే యుండినచో నవ్వి యూరకుండవచ్చును. ఇది అట్టిది గాదు. అపవాదమే వ్యాధిని పెంచుచున్నది. పెర్కిన్స్, బెర్కోవిట్జ్ అను పరిశోధకులు 1986లో ఒక వింతను ప్రకటించిరి: విద్యార్థులు తమ సహపాఠులు మద్యమునకిచ్చు సమ్మతిని ఉన్నదానికంటె చాల ఎక్కువగా ఊహించుకొందురు. తనకిష్టము లేకున్నను, అందరును త్రాగుచున్నారను భ్రమతో, పదునెనిమిదేండ్ల బాలుడు గ్లాసు పట్టును. అతనిని జూచి ప్రక్కవాడును అట్లే తలంచును. నలుగురితోపాటు నారాయణా! ఇల్లినాయి రాష్ట్రములోని ఒక విశ్వవిద్యాలయమువారు 1990 మొదలు నిజమైన అంకెలను గోడపత్రములపై ప్రకటింపగా, అచ్చట మితిమీరిన పానము తగ్గినది. ఈ ఉపాయము అన్నిచోట్లను ఫలించలేదని వెక్స్‌లర్ బృందము 2003లో చూపెను. కావున నిజము చెప్పుటయే సర్వరోగనివారిణి యనము. కాని అబద్ధము విషమనుటలో సందేహములేదు.

మేము త్రాగుడును వెనుకవేసికొని వచ్చుచున్నామని ఎవరును తలంపవలదు. మద్యసంబంధమైన ప్రమాదములలో ఆ దేశమున యేటేట సుమారు 1,500 మంది కళాశాల యువతీయువకులు అసువులు బాయుచున్నారని అచ్చటి ప్రభుత్వసంస్థయే అంచనా వేసినది. 1984 చట్టముతో త్రాగుటకు కనీసవయస్సు 21 సంవత్సరములయ్యెను. ఐనను విద్యార్థి నివాసముల గడపలు దాటి ఆ చట్టము లోనికి పోలేకపోవుచున్నది. ఒక తల్లికి బిడ్డ పోయినప్పుడు ‘నూటికి ఇంతమందియే’ యను లెక్క ఓదార్పు కానేరదు. సరిగా ఈ కారణముచేతనే ‘పార్టీ స్కూలు’ అను హాస్యపు పేరు మాకు గిట్టదు. అది అపాయమును వినోదముగా మార్చును. అయిదవవంతు చేయు నేరమును అందరికిని పంచి, ఆ అయిదవవంతును మందిలో దాచును. చికిత్స పొందవలసినవాడు ‘అందరివలెనే నేనును’ అని తప్పించుకొనును. త్రాగనివాడు తానే వెఱ్ఱివాడనని సిగ్గుపడును. ఇందు లాభపడునది మద్యము నమ్మువాడు, పట్టికను అమ్మువాడు.

మన తల్లిదండ్రులకు మా మనవి యిది. విద్యాలయమును ఎన్నుకొనునపుడు ఆచార్యులెవరో, ప్రయోగశాలలెట్టివో, చదువు పూర్తిచేయువారెందరో, ఋణభారమెంతయో విచారింపుడు. విందుల పట్టికను కాదు. బిడ్డను విమానమెక్కించునపుడు ‘అచ్చటివారందరును త్రాగుదురు, జాగ్రత్త’ అని చెప్పవలదు. ఆ మాట హెచ్చరికవలె తోచును గాని, త్రాగుట అచ్చటి ఆచారమని బిడ్డకు నేర్పునదియు అదియే. ‘త్రాగనివారు, మితముగా నుండువారు అచ్చట సగమునకు పైగా నున్నారు, వారిని వెదకికొనుము, నీవు ఒంటరివి గావు’ అని చెప్పుడు. ఇది ధైర్యవచనము, పైగా సత్యవచనము.

ఇంటియొద్దను ఇదే నియమము వర్తించును. ఒక వసతిగృహమున నలుగురు అల్లరిచేసిన, ‘ఈ కాలపు విద్యార్థులింతే’ యని పఠనమందిరములలో తీర్పుచెప్పుట మనకును అలవాటే. నలుగురిని దండింపుడు, నాలుగువందలమందిని నిందింపకుడు. యువకునకు మనము పెట్టిన పేరును అతడు ఒకనాడు నిజము చేసి చూపును. ఆ పేరు పెట్టునపుడు పెద్దలు తమ నాలుకను అదుపులో నుంచుకొందురు గాక!